ఇంగ్లండ్‌లో వీసా మీద ఉన్నవాళ్లకి ఓటుందా? రోడ్డు గుంతలకీ చెత్త బిన్లకీ ఎవరిని అడగాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: రెండేళ్ల కింద స్కిల్డ్ వర్కర్ వీసా మీద మిడ్‌లాండ్స్‌లో ఒక టౌనుకి వచ్చారు. ఇంట్లో మీరు, మీ ఆవిడ, స్కూలుకెళ్లే పాప. ఏప్రిల్‌లో కౌన్సిల్ ట్యాక్స్ (స్థానిక కౌన్సిల్‌కి కట్టే ఇంటి పన్ను) మళ్లీ పెరిగింది, రోడ్డు మీద గుంతలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. వీధి దీపాల స్తంభాలకి ఇంగ్లండ్, బ్రిటన్ జెండాలు కట్టారు. ఆఫీసులో లంచ్ టైమ్‌లో అందరూ వలసలు తగ్గించాలనే రిఫార్మ్ పార్టీ గురించి మాట్లాడుతుంటే ఏమనాలో తోచక ఫోన్ చూసుకుంటున్నారు. "మనం ఇక్కడ అతిథులం, మనకెందుకీ రాజకీయాలు" అని మీ స్నేహితుడు అంటున్నాడు. అది నిజమేనా అని మీ సందేహం.

నిజం కాదు. నేనిక్కడికి వచ్చి చాలా ఏళ్లయింది. ఎన్నికలప్పుడు మా ఊరి పోలింగ్ స్టేషన్‌లో క్లర్కుగా కూర్చుంటాను కూడా. మనవాళ్లు వాట్సాప్‌లో వెస్ట్‌మినిస్టర్ పార్లమెంటు గురించి రాత్రి ఒంటిగంట దాకా వాదించుకుంటారు, కానీ తమ వార్డు కౌన్సిలర్ పేరు అడిగితే చెప్పలేరు. మీ జీవితాన్ని రోజూ తాకే విషయాల్లో చాలావాటికి సమాధానం ఆ కౌన్సిలర్ దగ్గరే ఉంటుంది.

ముందు ఓటు సంగతి. భారతీయ పాస్‌పోర్టూ, ఇక్కడ ఉండటానికి చెల్లే వీసా, 18 ఏళ్ల వయసు ఉంటే ఇంగ్లండ్‌లో అన్ని ఎన్నికల్లోనూ ఓటుంది. కౌన్సిల్‌కీ ఉంది, పార్లమెంటుకీ ఉంది. ఐఎల్‌ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) అక్కర్లేదు, బ్రిటిష్ పౌరసత్వం అసలే అక్కర్లేదు. భారత్ కామన్వెల్త్ దేశం కాబట్టి వచ్చిన హక్కు ఇది. మొన్న సెప్టెంబర్‌లో మాస్టర్స్‌కి దిగిన కుర్రాడికీ ఉంది. మీ పక్క డెస్కులో ఫ్రాన్స్ నుంచి వచ్చినాయన ఉంటే, ఇరవై ఏళ్లుగా ఇక్కడ పన్ను కడుతున్నా సరే, బ్రిటిష్ పౌరసత్వం తీసుకోనంతవరకూ ఆయనకి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదు. మీకుంది. ఈ మాట చెబితే మనవాళ్లలో సగం మంది నమ్మరు, తెల్లవాళ్లలో ఇంకా ఎక్కువ మంది నమ్మరు.

నమోదు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఐదు నిమిషాల పని. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, అడ్రసు, జాతీయత అడుగుతారు. జాతీయత దగ్గర ఇండియన్ అనే పెట్టండి. దీనివల్ల వీసాకి ఇబ్బంది వస్తుందేమో అని కొందరికి టెన్షన్. హక్కు ఉన్నవాళ్లు నమోదు చేసుకుంటే వీసాకి వచ్చే నష్టం ఏమీ లేదు. పైగా నమోదు చేసుకోమని కౌన్సిల్ పదే పదే అడిగినా పట్టించుకోకపోతే 80 పౌండ్ల జరిమానా వేయొచ్చు. రాజకీయం మీద ఆసక్తి లేకపోయినా ఇంకో లాభం ఉంది. ఎలక్టోరల్ రోల్‌లో, అంటే ఓటర్ల జాబితాలో పేరుంటే మీ అడ్రసు నిర్ధారించుకోవడం బ్యాంకులకి తేలిక, క్రెడిట్ స్కోరుకీ మంచిది. నిజం చెప్పాలంటే, నాకు తెలిసినవాళ్లలో చాలామంది మార్ట్‌గేజ్ కోసమే నమోదు చేసుకున్నారు. ఓటు దాని వెనకాల వచ్చింది.

పోలింగ్ ఎలా ఉంటుందో చెబుతాను, మొదటిసారి వెళ్లేవాళ్లు కంగారు పడకుండా. ఎన్నిక గురువారం జరుగుతుంది, సెలవుండదు. పొద్దున 7 నుంచి రాత్రి 10 దాకా. మా స్టేషన్ ఒక చర్చి హాలు. గుమ్మం దగ్గర పోలీసు బందోబస్తు లేదు, వేలికి సిరా లేదు, ఈవీఎం లేదు. ప్లైవుడ్ అరలు, దారంతో కట్టిన పెన్సిల్, కాగితం మీద ఇంటూ మార్కు, అంతే. కుక్కని వెంటబెట్టుకుని వచ్చి, పట్టీ మా బల్ల కాలికి తగిలించి ఓటేసి వెళతారు. 2023 మే నుంచి ఇంగ్లండ్‌లో ఫొటో ఐడీ తప్పనిసరి చేశారు. అంతకుముందు పేరూ అడ్రసూ చెబితే చాలు, కాగితం చేతిలో పెట్టేవాళ్లం. మన భారతీయ పాస్‌పోర్టు చెల్లుతుంది, యూకే డ్రైవింగ్ లైసెన్సు ప్రొవిజనల్ అయినా చెల్లుతుంది. గడువు తీరిపోయినా ఫొటోలో మొహం మీదేనని తెలిస్తే సరిపోతుంది. ఆఫీసు బ్యాడ్జీ, ఫోన్లో ఈవీసా స్క్రీన్‌షాట్ మాత్రం తేకండి, వెనక్కి పంపాల్సి వస్తుంది.

మనవాళ్లతో వచ్చే అసలు చిక్కు పేరు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి, ఇంటిపేరుతో సహా మొత్తం గివెన్ నేమ్‌లో నింపేసినవాళ్లు ఉంటారు. నమోదు చేసుకునేటప్పుడు భర్త ఇంటిపేరు చివర రాస్తాడు, భార్య తండ్రి పేరు చివర రాస్తుంది. మా జాబితా వీధి, ఇంటి నంబరు వరసలో ఉంటుంది కాబట్టి మనిషి దొరుకుతాడు. కానీ ఐడీ మీద పేరూ జాబితాలో పేరూ ఒకటేనా అని ప్రిసైడింగ్ ఆఫీసర్ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదువుతుంటే, వెనకాల క్యూ పెరుగుతుంటుంది. కాబట్టి పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే నమోదు చేయండి. ఇంకోటి, గుమ్మం బయట కోటుకి రంగు రిబ్బన్ పువ్వు పెట్టుకుని మీ నంబరు అడిగేవాళ్లు అధికారులు కారు, పార్టీల మనుషులు. ఎవరు ఓటేశారో రాసుకుని, రానివాళ్ల తలుపు తట్టడానికి అడుగుతారు. చెప్పడం చెప్పకపోవడం మీ ఇష్టం.

కౌన్సిల్ ఎన్నికలకి సాధారణంగా మూడో వంతు మంది వస్తారు. 2024 సార్వత్రిక ఎన్నికలకే 60 శాతం దాటలేదు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 80 శాతం దాటింది. అక్కడ ఓటు కోసం హైదరాబాద్ నుంచి బస్సులు కట్టుకుని ఊళ్లకి వెళ్లిన జనం, ఇక్కడ నడిచి వెళ్లే దూరంలో ఉన్న చర్చి హాలుకి వెళ్లరు. ఎన్‌ఆర్‌ఐగా ఇండియాలో ఓటేయాలంటే స్వయంగా అక్కడికెళ్లి వేయాలి, ఎంతమందికి కుదురుతుంది? అందుకే ఇక్కడి ఓటు కూడా వదిలేసుకుంటే ఎక్కడా ఓటు లేని మనిషిగా మిగిలిపోతాం.

ఇక కౌన్సిల్ ట్యాక్స్. ఇంగ్లండ్‌లో ఇళ్లని ఎ నుంచి హెచ్ దాకా ఎనిమిది బ్యాండ్లుగా పెట్టారు. ఆధారం 1991 ఏప్రిల్ 1 నాటి ధర. నిరుడు కట్టిన ఇల్లయినా సరే, అది 1991లో ఉండి ఉంటే ఎంత పలికేదో అంచనా వేసి బ్యాండ్ ఇస్తారు. నవ్వొస్తుంది కానీ దాన్ని మార్చే ధైర్యం ఇంతవరకూ ఏ పార్టీ ప్రభుత్వానికీ రాలేదు. సామాజిక సంరక్షణ బాధ్యత ఉన్న కౌన్సిళ్లు రెఫరెండం (జనం ఓటు) పెట్టకుండా పెంచగలిగే హద్దు ఈ మధ్య కాలంలో 5 శాతం లోపు. అందుకే దేశం నలుమూలలా బిల్లుల మీద 4.99 అన్న అంకె కనిపిస్తుంది.

మరి డబ్బెక్కడికి పోతోంది? ఆ కౌన్సిళ్ల ఖర్చులో సగానికి పైగా పెద్దవాళ్ల సంరక్షణకీ, ఆలనాపాలనా లేని పిల్లల సంరక్షణకీ పోతుంది. చట్టప్రకారం అవి మానడానికి వీల్లేదు. 2010 తర్వాత కేంద్రం నుంచి వచ్చే గ్రాంట్లు బాగా కోసేశారు. కాబట్టి కోత పడేది లైబ్రరీల మీద, పార్కుల మీద, మీ గుంతల మీద. మీ వీధిలో ఎప్పుడూ బయట కనపడని ముసలావిడ ఇంటికి రోజూ పొద్దునా సాయంత్రం ఒక కేరర్ (సంరక్షణ చూసే మనిషి) చిన్న కారులో వచ్చి వెళుతుంటుంది, గమనించారా? మీ పన్నులో పెద్ద ముక్క అలాంటి చోటికి వెళుతోంది. ఆ కేరర్ కూడా చాలాసార్లు కేరళ నుంచో, నైజీరియా నుంచో వీసా మీద వచ్చిన మనిషే. లంచ్ టేబుల్ దగ్గర ఈ సంగతి ఎవరూ ఎత్తరు.

పరిస్థితి చెయ్యిదాటితే ఏమవుతుందో బర్మింగ్‌హామ్‌ని చూడండి. ఆడవాళ్లకి సమాన వేతనాల బాకీ, కొత్త కంప్యూటర్ వ్యవస్థ గందరగోళం కలిసి 2023 సెప్టెంబర్‌లో ఆ కౌన్సిల్ సెక్షన్ 114 నోటీసు ఇచ్చింది, అంటే తప్పనిసరివి తప్ప కొత్త ఖర్చులు ఆపేసినట్టు. ప్రత్యేక అనుమతితో 2024లో పన్ను 9.99 శాతం, 2025లో 7.49 శాతం పెంచారు. 2025 మార్చిలో బిన్ కార్మికులు పూర్తి సమ్మెకి దిగారు. వేల టన్నుల చెత్త వీధుల్లో పేరుకుపోయింది, ఎలుకలు తిరిగాయి. పార్టీల మీద ఎవరి అభిప్రాయం ఎలా ఉన్నా, అక్కడ అద్దెకుంటున్న మన కుర్రాళ్లకి ఆ వేసవిలో రాజకీయం అంటే ఏమిటో ముక్కుకే తెలిసింది.

మీ బిల్లు ఒకసారి తీసి చూడండి. మీది డిస్ట్రిక్ట్, కౌంటీ అని రెండు కౌన్సిళ్లుండే రెండంచెల ప్రాంతమైతే పైన డిస్ట్రిక్ట్ కౌన్సిల్ లోగో ఉంటుంది, కింద వరసల్లో పెద్ద మొత్తం మాత్రం కౌంటీకి పోతుంది. పోలీసుకి, చాలాచోట్ల ఫైర్ సర్వీసుకి విడివిడి వరసలు. అలాంటి చోట బిన్లు, ఇళ్ల అనుమతులు డిస్ట్రిక్ట్‌వి. రోడ్లు, స్కూలు సీట్లు, సంరక్షణ కౌంటీవి. గుంత గురించి డిస్ట్రిక్ట్‌కి రాస్తే మా పని కాదంటారు. ఈ రెండంచెల్ని కలిపి ఒకటే చేసే పని మొదలైంది కాబట్టి కొన్నేళ్లలో ఈ తికమక తగ్గొచ్చు. స్కాట్లాండ్, వేల్స్ లెక్కలు వేరు, నేను చెప్పేదంతా ఇంగ్లండ్ గురించే.

ఒక జాగ్రత్త. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే 25 శాతం తగ్గింపు వస్తుంది, అది మన వీసా వాళ్లూ తీసుకోవచ్చు. ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే పన్నే లేదు. కానీ ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకి ఇచ్చే కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్ పబ్లిక్ ఫండ్స్ కిందకి వస్తుంది. మీ వీసా మీద పబ్లిక్ ఫండ్స్ లేవని రాసుంటే దానికి అప్లై చేయకండి. పేర్లు ఒకేలా ఉంటాయి, ఎవరో సలహా ఇచ్చారని నింపేస్తే వీసా పొడిగింపు దగ్గర తలనొప్పి.

గుంతల విషయానికొస్తే, ఆన్‌లైన్లో రిపోర్టు చేయండి. ఫిక్స్‌మైస్ట్రీట్ సైట్‌లో మ్యాప్ మీద చోటు గుర్తు పెట్టి ఫొటో పెడితే అదే సరైన కౌన్సిల్‌కి పంపుతుంది. పక్కన మీ షూ పెట్టి ఫొటో తీస్తే లోతు తెలుస్తుంది. రిపోర్టు చేస్తే పూడుస్తారా అంటే, వెంటనే పూడ్చకపోవచ్చు. కానీ రేపు ఆ గుంతలో ఎవరిదైనా టైరు పేలి నష్టపరిహారం అడిగితే, "మేం మామూలుగా తనిఖీలు చేస్తూనే ఉన్నాం, మాకు తెలియదు" అని తప్పించుకోవడానికి 1980 హైవేస్ యాక్టులో సెక్షన్ 58 కౌన్సిల్‌కి వీలిస్తుంది. ముందే తేదీతో రిపోర్టు ఉందనుకోండి, ఆ మాట అనడం కష్టం. అందుకని మీ కారుకి ఏమీ కాకముందే రిపోర్టు పెట్టాలి.

బిన్లలో మాత్రం తప్పు మనవైపు కూడా ఉంటుంది. మా వీధి చివర ఒక ఇంట్లో మన కుర్రాళ్లు ఆరుగురు ఉండేవాళ్లు. సోనామసూరి పది కిలోల సంచీ, ఆ నేత ప్లాస్టిక్‌ది, దాన్నిండా పిజ్జా డబ్బాలు కుక్కి రీసైక్లింగ్ బిన్లో వేసేవాళ్లు. లారీ వాళ్లు మూత తీసి చూసి, హ్యాండిల్‌కి ఒక ట్యాగ్ తగిలించి, ఎత్తకుండా వెళ్లిపోయేవాళ్లు. రెండు వారాలు ఆగాలి. ఈలోగా మూత మూసుకోక, గాలికి డబ్బాలు పక్కింటి ముందు గడ్డి మీదికి. పక్కింటాయన ఆ కుర్రాళ్ల మీద అరిచాడు, కుర్రాళ్లు అది జాత్యహంకారం అన్నారు. నేను వెళ్లి చూస్తే ట్యాగ్ మీద కారణం టిక్కు పెట్టి స్పష్టంగా రాసుంది, ఎవరూ చదవలేదు. ఒకే కుటుంబం కాని ఐదుగురూ అంతకంటే ఎక్కువమందీ ఉండే ఇంటికి ఓనర్ హెచ్‌ఎంఓ (పలువురు పంచుకుని ఉండే ఇల్లు) లైసెన్సు తీసుకోవాలి, సరిపడా బిన్లు ఉండేలా చూడాల్సిందీ అతనే. ఆ ఓనర్ సంగతి కౌన్సిల్‌కి చెప్పాల్సింది పోయి ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకున్నారు. అలాగని ఇక్కడ జాత్యహంకారం లేదని కాదు. ఉంది. కానీ బిన్ గొడవల్లో ఎక్కువ భాగం బిన్ గొడవలే.

కౌన్సిలర్‌ని ఎలా పట్టుకోవాలి? కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే పేరు, ఈమెయిల్, చాలాసార్లు ఫోన్ నంబరూ ఉంటాయి. వార్డుకి ఒకరి నుంచి ముగ్గురి దాకా ఉంటారు. మా స్కూలు గేటు ముందు, బళ్లు ఆపకూడని జిగ్‌జాగ్ గీతల మీద కార్లు ఆపేస్తుంటే ముగ్గురికీ రాశాను. అతి తక్కువ మెజారిటీతో గెలిచినాయన ముందు జవాబిచ్చాడు, పొద్దున స్కూలు టైముకి వచ్చి నిలబడి చూశాడు కూడా. ఈమెయిల్లో దేశం గోడు వెళ్లబోసుకోకండి. వీధి పేరు, టైము, ఫొటో, ఏం కావాలో ఒక్క వాక్యం, కింద మీ అడ్రసు. అడ్రసు లేకపోతే మీరు వాళ్ల వార్డు మనిషో కాదో తెలియక పక్కన పెట్టేస్తారు.

జీపీ (మామూలు డాక్టర్) అపాయింట్‌మెంట్ కౌన్సిల్ చేతిలో లేదు, అది ఎన్‌హెచ్‌ఎస్, అంటే ప్రభుత్వ ఆరోగ్య సేవ. పొద్దున 8కి ఫోన్ పట్టుకుని క్యూలో ఉండే బాధ అందరిదీ. గొంతునొప్పి, చెవినొప్పి, సైనస్ లాంటి ఏడు మామూలు సమస్యలకి 2024 జనవరి నుంచి ఫార్మసీలోనే చూసి మందు ఇస్తున్నారు, పాపకి పనికొస్తుంది. మిగతాది మీ ఎంపీకి రాయాల్సిన విషయం.

ఇప్పుడు రిఫార్మ్, జెండాలు. 2024 జులైలో లేబర్ 34 శాతం కంటే తక్కువ ఓట్లతో 411 సీట్లు గెలిచింది. రిఫార్మ్‌కి 14 శాతం పైగా ఓట్లొచ్చినా దక్కినవి 5 సీట్లే. ఎక్కువ ఓట్లొచ్చినవాడే గెలిచే ఈ పద్ధతి మనకి కొత్త కాదు. 2025 మేలో లెక్క తిరగబడింది. స్థానిక ఎన్నికల్లో రిఫార్మ్ 10 కౌన్సిళ్లు పట్టేసింది. అదే రోజు రన్‌కార్న్ పార్లమెంటు ఉపఎన్నికలో ఆ పార్టీ గెలిచింది 6 ఓట్ల తేడాతో. ఆరు! ఆ నియోజకవర్గంలో ఇంట్లో కూర్చున్న రెండు కుటుంబాలు తలుచుకుంటే ఫలితం మారేది, ఎటైనా సరే.

రిఫార్మ్‌కి ఓటేసే ప్రతివాడూ మనల్ని ద్వేషిస్తాడని నేననుకోను. హై స్ట్రీట్‌లో బ్యాంకు మూతపడి, బస్సు రద్దయి, డెంటిస్టు దొరకక విసిగినవాళ్లు ఉన్నారు. ఇమిగ్రేషన్ మీద నిజంగానే కోపం ఉన్నవాళ్లూ ఉన్నారు. అందరినీ ఒకే గాటన కట్టేస్తే మన ఆఫీసులో మనిషిని కూడా అర్థం చేసుకోలేం. మన కాలక్షేపం కబుర్లలో ఇంకో విచిత్రం వింటాను. పదిహేనేళ్ల కింద వచ్చి బ్రిటిష్ పాస్‌పోర్టు తెచ్చుకున్న మనవాళ్లే "ఇప్పుడొచ్చేవాళ్లు మరీ ఎక్కువయ్యారు, తలుపు మూసేయాలి" అంటారు. అది వాళ్ల అభిప్రాయం, ఉండొచ్చు. కాకపోతే తాము ఎక్కొచ్చిన నిచ్చెన ఎంత సులువుగా ఉండేదో మర్చిపోతారు.

జెండాల విషయంలో: 2025 ఆగస్టులో బర్మింగ్‌హామ్ వైపు మొదలై చాలా ఊళ్లకి పాకింది. ఫుట్‌బాల్ టోర్నీలప్పుడు ఇవే జెండాలు కిటికీలకి కడతారు, అప్పుడు మనకేం అనిపించదు. ఈసారి వలసదారుల హోటళ్ల ముందు నిరసనలతో పాటు వచ్చాయి కాబట్టి మీకు కలిగిన ఇబ్బంది ఊరికే వచ్చింది కాదు. 2024 వేసవిలో సౌత్‌పోర్ట్‌లో చిన్నపిల్లల హత్యల తర్వాత పుకార్లతో అల్లర్లు చెలరేగి రోథరమ్‌లో శరణార్థులున్న హోటల్‌కి నిప్పు పెట్టబోయారు. ఆ వారమే లండన్‌లోని వాల్తమ్‌స్టోలో వేలమంది స్థానికులు వాళ్లకి ఎదురుగా వీధుల్లోకి వచ్చారు. రెండూ ఈ దేశమే. ఫార్వర్డ్ మెసేజ్‌లు చూసి మీ ఆవిడని బయటికి వెళ్లొద్దనకండి. నిజంగా ఎవరైనా తిట్టినా, బెదిరించినా పోలీసులకి హేట్ క్రైమ్ (ద్వేషంతో చేసిన నేరం) అని చెప్పి రిపోర్టు చేయండి, అత్యవసరం కాకపోతే 101.

భయపడాల్సిన అసలు విషయం కాగితాల్లో ఉంది. ఐఎల్‌ఆర్‌కి ఐదేళ్ల గడువుని మామూలుగా పదేళ్లు చేయాలని 2025 మేలో ప్రతిపాదించింది లేబర్ ప్రభుత్వమే. ఐఎల్‌ఆర్ మొత్తానికే ఎత్తేస్తామని అదే సెప్టెంబర్‌లో రిఫార్మ్ అంది. కాబట్టి ఒక పార్టీ మంచిది, ఒకటి చెడ్డది అని కళ్లు మూసుకోవడానికి లేదు. స్కిల్డ్ వర్కర్లకి ఐదేళ్లే ఉంచాలన్న పిటిషన్ మీద లక్షకు పైగా సంతకాలు పడి, పార్లమెంటులో చర్చ జరిగింది. అలాంటి పిటిషన్ మీద సంతకానికి బ్రిటన్‌లో నివాసం ఉంటే చాలు. ఎంపీకి ఈమెయిల్ రాసేటప్పుడు "నేను మీ నియోజకవర్గం ఓటర్ని" అన్న వాక్యంతో మొదలుపెట్టండి. చాలామంది ఎంపీలకి వీసా మీద ఉన్నవాడు ఓటరు కూడా అన్న సంగతి అప్పుడు గుర్తొస్తుంది.

లంచ్ టేబుల్ దగ్గర ఏమనాలి అన్నారు. ఎవరికి ఓటేస్తారో చెప్పనక్కర్లేదు, ఇక్కడ అడగడమూ మర్యాద కాదు. "వచ్చేవాళ్లందరూ ఎన్‌హెచ్‌ఎస్‌ని ఊరికే వాడుకుంటారు" అని ఎవరైనా అంటే మాత్రం కోపం లేకుండా మీ లెక్క చెప్పండి. 2024 ఫిబ్రవరి నుంచి, ఎన్‌హెచ్‌ఎస్ కోసం వీసాతో పాటు కట్టే హెల్త్ సర్‌ఛార్జి పెద్దవాళ్లకి ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకి 776. మీ ముగ్గురికీ మూడేళ్ల వీసాకి 8,538 పౌండ్లు, అదీ ముందే, ఇన్‌కమ్ ట్యాక్స్ కాకుండా. కొన్ని కంపెనీలు కడతాయి, చాలావాటిలో జీతంలోంచి మనమే కట్టుకోవాలి. నేను చెప్పినప్పుడల్లా టేబుల్ అవతల మనిషి "నిజంగానా, నాకు తెలియదే" అంటాడు. తర్వాత తన తల్లి తుంటి ఆపరేషన్ కోసం ఎన్ని నెలలుగా ఎదురుచూస్తోందో చెబుతాడు. దాని గురించి మాట్లాడటానికి మీకు ఏ పార్టీ పేరూ అవసరం పడదు.

నమోదుకి చివరి గడువు పోలింగ్‌కి 12 పనిదినాల ముందు. మీ ఆవిడ డిపెండెంట్ వీసా మీద ఉన్నా ఆవిడకీ ఓటుంది, విడిగా నమోదు చేయించండి. గురువారం షిఫ్ట్ ఉంటే పోస్టల్ ఓటు పెట్టుకోండి, కారణం చెప్పనక్కర్లేదు. కానీ దానికీ గడువుంది, పోలింగ్‌కి 11 పనిదినాల ముందు సాయంత్రం 5 గంటలకి ముగుస్తుంది.